ఇరవై మూడో ప్రశ్నతో పాలమూరు దారిలో

గద్వాల వెళ్లొచ్చానంటే మా తెనాలిలో ఎవరైనా మొదట అడిగేది చీర సంగతే. నేను చీర తేలేదు. ఫారాల కట్ట ఒకటి మోసుకెళ్లి, ఆ కట్టనే మోసుకొచ్చాను. అంత దూరం పోయి కాగితాలు తెచ్చుకున్న మనిషిని నిన్నే చూశానని మా అమ్మ ఇప్పటికీ దెప్పుతూనే ఉంది.

నేను గుంటూరులో ఒక ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెబుతాను. నాలుగేళ్లుగా టెంపరరీ ఉద్యోగం. ప్రతి జూన్‌లోనూ కొత్త కాగితం మీద సంతకం పెడితే మరో ఏడాది ఉంచుతారు. హైదరాబాద్‌లో నాకు చదువు చెప్పిన ప్రొఫెసరు గారు ఒక పని తలపెట్టారు. మనకు జ్వరమొస్తే వెళ్లే వీధి డాక్టరూ, ఆయన రాసిన చీటీకి మందులిచ్చే మెడికల్ షాపాయనా ఒకరికొకరు ఎంత సాయంగా ఉంటారో తెలుసుకునే ప్రశ్నావళి అది. పై దేశంలో ఇంగ్లిషులో తయారైంది. దాన్ని తెలుగులోకి తెచ్చే పని నాకు అప్పగించారు. ఆరు నెలలు దానితోనే పడుకున్నాను, దానితోనే లేచాను.

తెలుగు చేసినంత మాత్రాన సరిపోదు. అది మన దగ్గర పనిచేస్తుందో లేదో చూడాలి. అందుకని అవే ఫారాలను అదే మనుషుల చేత రెండు వారాల ఎడంతో రెండుసార్లు నింపిస్తారు. జవాబులు నిలకడగా ఉండాలి. డాక్టరు చెప్పిందీ షాపాయన చెప్పిందీ కలవాలి. మొదటి విడత పోస్టులో నడిచింది. రెండో విడతకు మహబూబ్‌నగర్ జిల్లా దక్షిణాన ఉన్న మూడు ఊళ్లకు నేనే వెళ్లాను. "ఇది నెగ్గితే దాని మీద నీ పేరు ఉంటుందమ్మా. ఆ పేరు చూపించి నీ ఉద్యోగం పర్మనెంటు చేయమని మీ కాలేజీలో నేనే అడుగుతాను" అన్నారు ప్రొఫెసరు గారు. కాబట్టి దాచకుండా చెబుతున్నాను, నిజం తెలుసుకుందామని కాదు, నా ప్రశ్నావళి నెగ్గాలనే నేను బస్సెక్కాను.

అందులో ఇరవై మూడో ప్రశ్న గుండెకాయ లాంటిదని ఆయన అనేవారు. "చీటీలో పొరపాటు ఉందనిపించి, గడచిన నెలలో మీరిద్దరూ ఎన్నిసార్లు సంప్రదించుకున్నారు?" ఎప్పుడూ లేదు, ఒకటి రెండు సార్లు, తరచుగా, ఎల్లప్పుడూ అని నాలుగు గడులు. ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టాలి.

గద్వాల

పొద్దున్నే దిగగానే ఆకలి. కోట దగ్గర బండి మీద ఉగ్గాని పెట్టించుకున్నాను. మరమరాలు నానబెట్టి, నీళ్లు పిండేసి, ఉల్లిపాయ, పసుపు, పుట్నాల పొడి వేసి కలుపుతారు. పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. అన్నీ కలిపి ఎనిమిది రూపాయలు. మా వైపు పొద్దున్నే మిరపకాయ బజ్జీ తింటే పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు. ఇక్కడ బజ్జీలు వదిలేసిన నన్నే అలా చూశారు.

నేను కలవాల్సిన మెడికల్ షాపు రాఘవేంద్ర గారిది. యాభై దాటిన మనిషి, నుదుట బొట్టు, ఇస్త్రీ చొక్కా. రాయచూరు వైపు నుంచి వచ్చినవాళ్లను "బన్ని, బన్ని" అని కన్నడంలో పిలుస్తాడు, నన్ను "రాండ్రి మేడం" అన్నాడు. ఫారం తీసుకుని కౌంటరు వెనక్కి వెళ్లి, అయిదు నిమిషాల్లో నింపి చేతిలో పెట్టాడు. రెండు వారాల నాటి ఫారంతో పోల్చి చూశాను. ఒక్క టిక్కు కూడా తేడా లేదు! వీధి చివర ఉన్న ఆయన డాక్టరు గారి ఫారం కూడా అంతే. నా సంతోషం ఇంతా అంతా కాదు. జూన్ నెల అప్పుడే వచ్చేసినట్టు అనిపించింది.

థ్యాంక్స్ చెప్పడానికి మళ్లీ షాపుకు వెళ్లాను. ఆయన సొరుగులోంచి ఒక జెరాక్స్ కాగితం తీసి గర్వంగా చూపించాడు. పోయినసారి తాను పంపిన ఫారమే.

"ఇదెందుకు తీసిపెట్టుకున్నారండీ?" అన్నాను.

"ఎందుకేంది మేడం? మళ్ల అడుగుతమని మీరే లెటర్ల రాసిన్రు గద. సారుకు గూడ ఒకటి తీసిచ్చిన. ఒక్కసారి రాసిచ్చినంక మాట మార్చొద్దు. మార్చితే మనిషికి ఇజ్జత్ ఏముంటది?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గుంటూరులో ఫారం ఇస్తే చదవకుండా నింపి పారేస్తారని నా బాధ. ఇక్కడ ఈయన దాన్ని పదిమందిలో ఇచ్చిన మాటలా పట్టుకున్నాడు. ఆ జెరాక్స్ నా సంచిలో పెట్టుకుని, ఆయన్ని బతిమాలి మళ్లీ నింపించాను. ఈసారి పెన్ను నోట్లో పెట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. పదకొండు జవాబులు మారాయి. పాతవాటితో పోల్చి చూసి ఆయన ముఖం వాడిపోయింది.

"చూసిన్రా? నన్ను అబద్ధాలోన్ని చేసిన్రు" అన్నాడు.

ఆ మాట నన్ను నిజంగానే బాధపెట్టింది. మీ తప్పేం లేదండీ, మనుషులు మారతారు అని సర్దిచెప్పబోయాను. ఆయన వినిపించుకోకుండా వచ్చినవాళ్లకు మందులు కట్టి ఇవ్వడంలో పడిపోయాడు.

కృష్ణ దాటి వనపర్తికి

మర్నాడు వనపర్తి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. బీచుపల్లి వంతెన మీద బస్సు నెమ్మదించగానే లోపలున్నవాళ్లంతా గుడి వైపు తిరిగి దండం పెట్టి, నదిలోకి చిల్లర విసిరారు. ఎండలు మొదలై నీళ్లు సన్నగా ఉన్నాయి. నా పక్కనున్న ఆవిడ విసిరిన రూపాయి బిళ్ల బండరాయి మీద పడి ఖంగుమంది. "నీళ్లల్ల పడలే. మళ్ల ఇంకోటి ఎయ్యాలె" అని ఆవిడ కొంగు ముడి విప్పేలోపు వంతెన దాటిపోయింది. వనపర్తి చేరేదాకా ఆవిడ అదే తలుచుకుంటూ కూర్చుంది.

పల్లీలు చేతికొచ్చిన రోజులవి. వనపర్తి మార్కెట్టు దగ్గర ఎటు చూసినా పల్లికాయ రాశులు, మట్టివాసన. జొన్నరొట్టె, పల్లీల పచ్చడి, పచ్చిపులుసు పెట్టే హోటల్లో భోజనం చేశాను. పచ్చిపులుసు అంటే కాచని పులుసు, చింతపండు రసంలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి పిసికి పోస్తారు. మా ఇంట్లో చారు మరగకపోతే గొడవ. ఇక్కడ మరగని ఆ పులుసును నేను రెండుసార్లు అడిగి పోయించుకున్నాను.

మా కాగితాల్లో ఒక డాక్టరునూ ఆయనతో పనిచేసే షాపు మనిషినీ కలిపి "జంట" అని రాసుకుంటాం. వనపర్తిలో నాకు దొరికింది నిజంగానే జంట. వెనక గదిలో భర్త రోగుల్ని చూస్తాడు, ముందు గదిలో భార్య మందులమ్ముతుంది. భార్య పేరు సుజాత. మొదటి విడతలో "మీరు డాక్టరుతో ఎంత తరచుగా మాట్లాడతారు" అన్న దగ్గర ఎల్లప్పుడూ అని రాసింది. ఈసారి గట్టిగా నొక్కి మరీ ఎప్పుడూ లేదు అన్న గడిలో టిక్కు పెట్టింది.

"పోయినసారి ఎల్లప్పుడూ అని రాశారు కదండీ?" అన్నాను భయంభయంగా.

"పోయినసారి మాట్లాడుకుంటుంటిమి. నిన్నటి సంది లేదు. కూరల ఉప్పెక్కువైందని మా చెల్లె ముందట నన్ను అంటడా? చీటీలు కిటికీలకెల్లి ఇస్తుండు, నేను గోలీలిస్తున్న. మాటలెందుకు?"

వెనక గదిలోంచి డాక్టరు గారు తొంగిచూసి, "మేడం, ఆ ఫారం రెండు రోజులాగి నింపిస్తే కాదా?" అని గొంతు తగ్గించి అడిగాడు. సుజాత వినీ విననట్టు గోలీలు లెక్కపెట్టుకుంటోంది. నేను నవ్వాపుకోలేక బయటికొచ్చేశాను. కానీ లాడ్జికి నడుస్తుంటే దిగులు పట్టుకుంది. రెండు ఊళ్లు అయిపోయాయి, నాకు పనికొచ్చే కాగితాలు మాత్రం పెద్దగా పోగవలేదు. నాగర్‌కర్నూల్ కూడా ఇలాగే అయితే ప్రొఫెసరు గారికి ఏ ముఖం చూపించాలి?

నాగర్‌కర్నూల్

అక్కడి డాక్టరు గారికి అరవై ఏళ్లుంటాయి. మార్కెట్టు వీధిలో చిన్న దవాఖాన, ఎప్పుడూ నిండుగా ఉంటుంది. ఎదురుగా నాలుగు అంగల దూరంలో కృష్ణయ్య మెడికల్ షాపు. కృష్ణయ్య బక్కపలచటి మనిషి, నలభై ఏళ్లవాడు, మాట తక్కువ. పదకొండేళ్లుగా ఈ డాక్టరు గారి చీటీలే ఆయనకు బతుకుతెరువు. మొదటి విడతలో ఇరవై మూడో ప్రశ్నకు ఇద్దరూ ఒకే జవాబు రాశారు. ఎప్పుడూ లేదు.

నేను దవాఖాన బల్ల మీద నా వంతు కోసం కూర్చున్నాను. ఒక ముసలమ్మ వచ్చి పక్కన కూలబడింది. పేరు ఎల్లమ్మ, ఊరు తెలకపల్లి. అరికాళ్ల మంటలని వస్తే డాక్టరు గారు రక్తం పరీక్ష చేసి చక్కెర రోగానికి గోలీ రాశారట. కృష్ణయ్య చీటీ చూసి ఆ గోలీ తన దగ్గర లేదని, వేరేది రాయించుకు రమ్మని వెనక్కి పంపాడట.

"జర చూడు బిడ్డా, ఏం రాసిండో. నాకు చదువు రాదు" అని చీటీ నా చేతిలో పెట్టింది.

చదివి చెప్పాను. చీటీ పైమూల రెండు మడతలు పడి ఉంది. రికార్డు పుస్తకాల్లో పిల్లలు మూలలు మడిస్తే సాపు చేయడం నాకు ఏళ్ల తరబడి అలవాటు. మాట్లాడుతూనే ఆ మూల విప్పి, గోటితో గీసి, నా ఫారాల అట్ట కింద కాసేపు అదిమిపెట్టి, ఇస్త్రీ చేసినట్టు చేసి ఆవిడకు ఇచ్చాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను కూడా.

ఎల్లమ్మ లోపలికి వెళ్లింది. తలుపు తెరిచే ఉంది కాబట్టి నాకు కనిపిస్తూనే ఉంది. "గీ గోలీ లేదంట సారూ" అంది. డాక్టరు గారు చీటీ అటూ ఇటూ తిప్పి చూశారు. "లేదా? సరే, బస్టాండు కాడ దొరుకుతది, ఆడ తీస్కొని పో" అన్నారు. ఆవిడ వెళ్లిపోయింది.

నా వంతు రావడానికి ఇంకా చాలాసేపు పట్టేలా ఉండడంతో ముందు కృష్ణయ్య చేత ఫారం నింపిద్దామని వీధి దాటాను. ఆయన ఫారం నింపాడు కానీ కళ్లు మాటిమాటికీ దవాఖాన గుమ్మం మీదే ఉన్నాయి. ఇరవై మూడో ప్రశ్న దగ్గర మళ్లీ ఎప్పుడూ లేదు అని టిక్కు పెట్టి, తలెత్తి అడిగాడు.

"ఎల్లమ్మ ఇంక బయటికి రాలేదా మేడం? గిరాకీల పడి సూడలే."

"వెళ్లిపోయిందిగా. బస్టాండు దగ్గర కొనుక్కోమన్నారు డాక్టరు గారు."

ఆయన చేతిలో పెన్ను ఆగిపోయింది. "గట్లెట్ల పంపుతడు? సారు చీటి మూల సూడలేదా?"

"మూలా? అది మడతపడితే నేనే సాపు చేశాను" అన్నాను.

ఆయన ఫారం పక్కకు నెట్టాడు. తర్వాత ఒక్కొక్క ముక్కే చెప్పాడు. ఎల్లమ్మ బిడ్డ అచ్చంపేటలో ఉంటుంది. పోయిన నెల అక్కడి డాక్టరు రాసిన చక్కెర గోలీలు ఎల్లమ్మ ఇక్కడే కొన్నది. ఇప్పుడు ఈయన రాసిందీ అదే మందు, కంపెనీ పేరు మాత్రం వేరు. వేరే డాక్టరు దగ్గరికి పోయినందుకు సారు కోప్పడతాడని ఆవిడ చెప్పి ఉండదు. రెండూ కలిపి మింగితే చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. ఆ వయసులో సొమ్మసిల్లి పడితే లేపేవాళ్లు ఇంట్లో లేరు.

"ఆ మాట ఆవిడతోనే చెప్పొచ్చు కదా?" అన్నాను.

"చెప్తే సారుకు తెల్వదనుకుంటది మేడం. రేపటి సంది ఆయన ఏం రాసినా మింగది. అందుకే గోలీ లేదని పంపుత. నిజంగ గోలీ లేకుంటే చీటి సాపుగ పంపుత. జర మళ్ల చూడాలె అంటే మూల రెండు మడతలు పెడత. సారు చూసి సముదాయించి అడుగుతడు, మార్చి రాస్తడు."

"ఇలా చేద్దామని మీరిద్దరూ ఎప్పుడు అనుకున్నారు?"

"ఎన్నడు అనుకోలే. అది గట్లనే నడుస్తుంది."

నేను ఆరు నెలలు కష్టపడి అడగడం నేర్చుకున్న సంగతి ఈ ఇద్దరి మధ్య పదకొండేళ్లుగా జరుగుతోంది. దాన్ని నా గోటితో నేనే చెరిపేశాను.

బస్టాండు

షాపు తెరిచి ఉండగానే పక్క దుకాణమాయనకు చూస్తుండమని చెప్పి కృష్ణయ్య స్కూటరు తీశాడు. నేను వెనక కూర్చున్నాను. ఆ ఊళ్లో కొత్త ఆడమనిషిని వెనకేసుకుని కృష్ణయ్య అంత జోరుగా పోవడం చూసి దారిలో జనం ఆగి మరీ చూశారు. నాకు అదేమీ పట్టలేదు. ఆవిడకేమైనా అయితే ఆ పాపం నాదే అన్న ఒక్క మాటే బుర్రలో తిరుగుతోంది.

తెలకపల్లి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. మేమిద్దరం ఎక్కి వెతుకుతుంటే కండక్టరు విసుక్కున్నాడు. ఎల్లమ్మ వెనక సీట్లో ఉంది. ఒళ్లో మందుల పొట్లం, చేతిలో సగం తిన్న అరటిపండు. అన్నం తిన్నాక వేసుకోమన్నారు కదా, అరటిపండు తింటే చాలదా అని పక్కావిడను అడుగుతోంది. పొట్లం ఇంకా విప్పలేదు.

"ఎల్లవ్వా, సారు పిలుస్తుండు, రా" అన్నాడు కృష్ణయ్య.

"మళ్లేందిరా? బస్సు పోతది నాది."

"ఇంకా మంచి గోలీ యాదికొచ్చిందంట. నిన్ను తోల్కరమ్మన్నడు."

"ఏం దొంగతనం జేసింది ముసల్ది?" అని ముందు సీట్లోంచి ఎవరో అడిగితే, "నీ తలకాయ దొంగతనం జేసిన" అని ఎల్లమ్మ గట్టిగా జవాబిచ్చి దిగింది. స్కూటరు మీద ముగ్గురం పట్టం, ఆటో ఎక్కనని ఆవిడ మొండికేసింది. కృష్ణయ్య స్కూటరు నడిపించుకుంటూ, మేం అరికాళ్ల మంటల ముసలమ్మను ఆపి ఆపి, ఎండలో దవాఖాన దాకా నడిచాం. దారి పొడుగునా పోయిన బస్సు గురించి ఆవిడ తిట్లు వింటూనే ఉన్నాం. అంత హాయిగా తిట్లు నేను ఎప్పుడూ వినలేదు.

దవాఖాన గడప దగ్గర కృష్ణయ్య ఆగిపోయాడు. పదకొండేళ్లలో ఆ గదిలోకి ఎన్నడూ పోలేదట. డాక్టరు గారు ముగ్గురినీ చూసి, రాస్తున్న పెన్ను పక్కన పెట్టారు. ఎల్లమ్మ ముందు ఏమీ చెప్పలేక కృష్ణయ్య చెమట తుడుచుకున్నాడు. తర్వాత లోపలికి వచ్చి, ఆవిడ చేతిలోని చీటీ అందుకుని, మూల రెండు మడతలు పెట్టి బల్ల మీద ఉంచాడు.

డాక్టరు గారు చీటీనీ ఆయన్నీ చూశారు. తర్వాత ఎల్లమ్మ వైపు తిరిగి ఎంతో మెత్తగా అడిగారు. "ఇంక వేరే గోలీలు ఏమన్న మింగుతున్నవా పెద్దవ్వా? చెప్పు, నేనేం అనను."

ఎల్లమ్మ కాసేపు నసిగి కొంగు ముడి విప్పింది. అచ్చంపేట డాక్టరు రాసిన గోలీలు బయటపడ్డాయి. డాక్టరు గారు రెండు పట్టీలూ పక్కపక్కన పెట్టి చూసి, తాను రాసిన గోలీ కొట్టేసి, పాతవే ఎలా వేసుకోవాలో విడమరిచి చెప్పారు. ఆవిడ వెళ్లాక ఒకే ఒక్క మాట అన్నారు.

"చాయ్ తాగిపో కృష్ణయ్యా."

"షాపు తెరిచిపెట్టి వచ్చిన సార్. పోత."

నేను డాక్టరు గారికి నా నిర్వాకమంతా చెప్పి క్షమాపణ అడిగాను. "తప్పు నాది గూడ మేడం. మూల సాపుగున్నది గద అని అడగకుండ పంపిన" అన్నారాయన. తర్వాత నా ఫారం నింపారు. ఇరవై మూడో ప్రశ్నకు ఎప్పుడూ లేదు అనే టిక్కు పెట్టారు.

"మరి ఇప్పుడు జరిగిందేమిటండీ?" అని అడిగాను.

"గిది సంప్రదింపు ఎట్లయితది? మేమిద్దరం ఎన్నడన్న మాట్లాడుకున్నమా?" అన్నారు, నా ప్రశ్నే వింతగా ఉన్నట్టు. ఈ సంగతి రాసుకోవచ్చా అంటే, పేర్లు లేకుంటే రాసుకోమని ఇద్దరూ అన్నారు. ఇక్కడున్నవి మార్చిన పేర్లే.

హైదరాబాద్

ప్రొఫెసరు గారు ఫారాలన్నీ బల్ల మీద పరిచి చూశారు. గద్వాలవీ వనపర్తివీ చూసి పెదవి విరిచారు. నాగర్‌కర్నూల్ జంటవి చేతిలోకి తీసుకోగానే ఆయన ముఖం వెలిగింది. "చూడమ్మా, రెండు విడతల్లోనూ ఒకే జవాబు. డాక్టరుదీ ఒకటే, షాపాయనదీ ఒకటే. ఇంత బాగా కుదిరినవి ఇంకెక్కడా లేవు. ఇలాంటివి ఇంకొన్ని తెచ్చుకుంటే మన పని అయినట్టే."

జూన్ ఇంకో మూడు నెలల్లో ఉంది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఆ ఇద్దరూ అబద్ధం రాయలేదు, లెక్క తప్పలేదు, సంతకాలు సరిగ్గానే ఉన్నాయి. ఆయన రెండుసార్లు ఏమ్మా అని అడిగారు.

అప్పుడు అంతా చెప్పాను. నేను గోటితో గీయడం దగ్గర్నుంచి ఎల్లమ్మ తిట్ల దాకా.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇది రిపోర్టులో పెడితే ఇరవై మూడో ప్రశ్న పోతుంది. అది పోతే ఈ ఏడాదికి ప్రశ్నావళీ పోతుంది. ఆలోచించుకున్నావా?"

"ఆలోచించుకున్నాను సార్."

"నీ పేరు?"

"ఇప్పుడు పెట్టొద్దండీ" అన్నాను.

జూన్‌లో మళ్లీ టెంపరరీ కాగితం మీదే సంతకం పెట్టాను. బాధ లేదంటే అబద్ధం. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినబుద్ధి కాక పడుకుండిపోయాను. కానీ ఎల్లమ్మను నడిపించుకుంటూ ఆ ఎండలో మేం నడిచిన దారి నా కాళ్లకు తెలుసు. ఆ దారినంతా "ఎప్పుడూ లేదు" అన్న గడిలో పెట్టి, కింద నా పేరు రాసుకోవడం మాత్రం నా వల్ల కాలేదు.